కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బసం తిరగబెడితే ముందు ఏం చూడాలి

రాత్రి రెండింటికి దగ్గుతో మెలకువ వస్తోంది. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే నీలం ఇన్‌హేలర్ ఇప్పుడు రోజూ కావాల్సి వస్తోంది. ఛాతీ విభాగంలో నర్సుగా నేను ఎక్కువగా వినే మాటలివే.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలమెక్కడం, ఆక్సిమీటర్‌లో 94 లేదా అంతకంటే తక్కువ, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది ఉన్నా మిగతాది చదవకుండా 108కి ఫోన్ చేయండి. ఆయాసం ఉంటే అంబులెన్స్ వచ్చేదాకా నిటారుగా కూర్చుని, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించి పీల్చే గొట్టం) నీలం ఇన్‌హేలర్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కు నాలుగు శ్వాసలు తీసుకోండి. నాలుగు నిమిషాలాగి తగ్గకపోతే మళ్లీ అంతే.

దగ్గూ కూతలూ లేకుండా ఉత్త ఆయాసమే అయితే చాలామందికి అది గర్భం వల్ల వచ్చేదే. అనుమానం తీరాలంటే పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత వేగంగా వదలగలరో అంకెల్లో చూపే చిన్న గొట్టం) ఊదండి. గర్భం వల్ల ఆ అంకె పెద్దగా తగ్గదు. బాగున్నప్పుడు 400 వచ్చేది ఇప్పుడు 320 కూడా రావట్లేదంటే ఉబ్బసం అదుపు తప్పిందనే అనుకోవాలి.

ముందు ఇది చూడండి: రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపేశారా?

నెల తప్పిందని తెలిసిన మర్నాడే ఆపేస్తారు. "కడుపులో బిడ్డకి స్టెరాయిడ్ ఎందుకమ్మా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. రోజూ వాడే ఇన్‌హేలర్‌లోని బ్యుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్ మందు గర్భిణులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. మందు వల్ల కంటే తల్లికి ఊపిరందకపోవడం వల్లే బిడ్డకు ప్రమాదం ఎక్కువ. ఆపేసి ఉంటే డాక్టరుతో మాట్లాడి ఈరోజే మళ్లీ మొదలుపెట్టండి. పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు.

ఆపలేదంటారా, డబ్బా చూడండి. 200 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున 50 రోజులే వస్తుంది. సంక్రాంతికి తెరిచింది ఉగాదికి కూడా నొక్కుతూ ఉంటే వచ్చేది గాలే. మందైపోయినా లోపలి గ్యాసు 'తుస్సు'మంటూనే ఉంటుంది. నీళ్లలో వేస్తే తేలిందా మునిగిందా అన్న పరీక్షను నమ్మొద్దు. అంకెల కౌంటర్ లేకపోతే తెరిచిన తేదీ డబ్బా మీదే రాయండి.

అన్నీ సరిగ్గా ఉన్నా తగ్గట్లేదా? కొత్త బీపీ మాత్ర మొదలైందా?

నన్ను దెబ్బకొట్టింది ఇదే. ఏడో నెల అమ్మాయి, వారంలో మూడుసార్లు నెబ్యులైజర్‌కి వచ్చింది. ఇన్‌హేలర్ మానలేదు, పీల్చే పద్ధతీ బాగుంది. నెబ్యులైజర్ పెడితే అరగంట ఊరట, మళ్లీ మొదలు. మూడోసారి మూతికి మాస్క్ ఉండగానే వాళ్లమ్మ మాత్రల వేళైందని కవరు విప్పింది. ఐరన్, కాల్షియం, వాటి కింద ఇంకో చిన్న స్ట్రిప్: లాబెటలాల్ 100.

"ఇదెప్పటి నుంచమ్మా?"

"బీపీ ఉందని పది రోజుల కింద ఇచ్చారండి."

గర్భిణులకు బీపీకి లాబెటలాల్ మంచి మందే, ఎక్కువగా రాసేదీ అదే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు. శ్వాసనాళాలు తెరుచుకోవడానికి నీలం ఇన్‌హేలర్ మందు ఎక్కడ పట్టుకోవాలో అక్కడే ఇది వెళ్లి అడ్డుపడుతుంది. అందుకే నాళాలు బిగుస్తాయి, పైగా ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయదు.

రాసిన డాక్టరుకు ఉబ్బసం సంగతి తెలియదు. 'పాత జబ్బులు' అన్నచోట 'లేవు' అని ఉంది. ఆ ప్రశ్న అడిగినప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారట. పెళ్లిలో దాచిన విషయం అక్కడెలా చెబుతుంది పాపం! నేనూ "ఏం మందులు వాడుతున్నావు?" అనే అడిగాను, తను ఊపిరి మందులే చెప్పింది. అప్పట్నుంచి నేను నోటిమాట మీద ఆగను, కవరు మొత్తం బల్లమీద పోయమంటాను.

మీ కవర్లో ఆ పేరుంటే సొంతంగా ఆపేయకండి. గర్భంలో బీపీ చేయిదాటితే ఫిట్స్ దాకా వెళుతుంది. అదే రోజు, తర్వాతి మాత్ర వేసుకునేలోపే, రాసిన డాక్టరుకు ఫోన్ చేసి "నాకు ఉబ్బసం ఉంది" అనండి. నిఫెడిపిన్‌కో మిథైల్‌డోపాకో మారుస్తారు. కూతలు గట్టిగా ఉంటే ఫోన్‌తో సరిపెట్టకుండా స్ట్రిప్ పట్టుకుని ఆసుపత్రికే వెళ్లండి. ఆ అమ్మాయికి మందు మార్చిన రెండో రాత్రి దగ్గు లేకుండా నిద్రపట్టింది.

తల్లీబిడ్డ కార్డు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో 'ఉబ్బసం' అని రాయించండి. అత్తగారి ముందు చెప్పలేకపోతే నర్సును పక్కకు పిలిచి చెప్పండి, ఎలా నమోదు చేయాలో మేం చూసుకుంటాం. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే కార్బోప్రోస్ట్ ఇంజక్షన్ కూడా ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఆ హడావుడిలో ఎవరూ మిమ్మల్ని అడగలేరు, కార్డే చెప్పాలి.

మిగతావి

దోమల కాయిల్, అగరుబత్తి, పోపు ఘాటు మీకు తెలిసినవే, దూరం పెట్టండి. పడుకోగానే దగ్గు, గొంతులో పులుపు ఉంటే రాత్రి భోజనం ఏడున్నరకే ముగించి తల ఎత్తుగా పెట్టుకోండి. ఒక కాలే వాయడం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం ఉంటే ఉబ్బసం కాకపోవచ్చు. అరుదే గానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.