చేతిలో వస్తువు ఉంది, నోట మాట రావడం లేదు: కారణాలు, పరిష్కారాలు

ఇష్టమైన వస్తువును తెప్పించి దాని గురించి మాట్లాడించడం అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతి వరకు పిల్లలకు ఎంతో ఉపయోగపడే అలవాటే గాని, కొన్ని వారాలకే అది వల్లెవేత పోటీగా మారి, ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే మాట్లాడుతుంటారు.

సమస్య: వస్తువు పట్టుకుని నిలబడతారు గాని పెదవి విప్పరు.

కారణం: సిగ్గు అని తేల్చేసే ముందు మనం వేసిన ప్రశ్నను చూసుకోవాలి. అందరికీ కనిపిస్తున్నదాన్నే "ఇదేమిటి? ఏ రంగు?" అని అడిగితే పిల్లలకు అది పరీక్షలా తోస్తుంది. దానికి మన తొందర తోడవుతుంది. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబుల నిడివి పెరుగుతుందనీ అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు.

పరిష్కారం: ఆ పిల్లవాడికి మాత్రమే తెలిసిన సంగతిని అడగాలి. ఏటికొప్పాక లక్క బొంగరం తెచ్చినవాణ్ని ముందు తిప్పి చూపించమని, అది తిరుగుతుండగా "చెల్లి అడిగితే ఇస్తావా?" అంటే, "ఇవ్వను, మొన్న మంచం కింద పడేసింది" అని తనంతట తానే మొదలుపెడతాడు. అక్కడ ఇంకో ప్రశ్న వేయకుండా ఆగడమే అసలు పని.

సమస్య: ఇంట్లో గడగడా అప్పజెప్పిన అమ్మాయి తరగతిలో రెండో వాక్యం దగ్గర ఆగిపోతుంది.

కారణం: ముందు రోజు రాత్రి పెద్దలు ఇంగ్లీషులో బట్టీ పట్టించి ఉంటారు, ఒక్క మాట జారితే మిగతావన్నీ జారిపోతాయి.

పరిష్కారం: ఇంటి మాటలోనే చెప్పనివ్వాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధించాలంటోంది. "మా తాత ఇచ్చిండు" అన్న పిల్ల యాసను దిద్దబోతే ఆ తాత కథ అక్కడే ఆగిపోతుంది.

సమస్య: గొంతు వినపడదు.

పరిష్కారం: "గట్టిగా చెప్పు" అనడం మాని, వినేవాళ్లనే దగ్గరికి జరపాలి. మొదట ఒక స్నేహితుడికి, తరువాత నలుగురికి, ఆపైన తరగతికి చెప్పించాలి.

సమస్య: కొందరు ఏమీ తీసుకురారు.

కారణం: పక్కవాడి రిమోట్ కారు ముందు తమవి చిన్నబోతాయని.

పరిష్కారం: కొన్న వస్తువులు వద్దని ముందే చెప్పాలి. గవ్వ, ఈక, నునుపు రాయి చాలు.

ఇంట్లో చక్కగా మాట్లాడే పిల్లలు బడిలో చేరిన తొలి నెల దాటాక కూడా నెలకు మించి అక్కడ నోరు విప్పకపోతే దాన్ని మొండితనమనుకోకూడదు. సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య కావచ్చు. అలాంటప్పుడు, నత్తి తగ్గకుండా కొనసాగుతున్నప్పుడు కూడా, బలవంతంగా నిలబెట్టి మాట్లాడించకుండా ముందు వినికిడి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పనిచేసే డీఈఐసీలను, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొలిదశలోనే గుర్తించి సాయం చేసే కేంద్రాలను, ఇందుకు సంప్రదించవచ్చు.