వానలకు ముందు బైకుకు కొత్త టైర్లు వేయించుకున్నవారికి జాగ్రత్తలు

ఈ మధ్య కొండవీడు ఘాట్ రోడ్డులో ఒక యువకుడు మలుపు దగ్గర బండితో సహా జారిపడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. వేగం ఎక్కువేమీ కాదు, రోడ్డు పొడిగానే ఉంది, బ్రేకులు బాగానే ఉన్నాయి, రెండు టైర్లూ అంతకు కొద్ది రోజుల ముందే ఆటోనగర్‌లో కొత్తవి వేయించాడు. పరామర్శకు వచ్చినవారందరూ కొత్త టైర్లు ఉన్న బండి ఎలా జారిందని ఆశ్చర్యపోయారు. కొత్తవి కావడం వల్లే జారింది. వానలు దగ్గర పడటంతో విజయవాడలోనూ గుంటూరులోనూ టైర్ల షాపుల ముందు బళ్లు వరుస కడుతున్నాయి కనుక, ఈ సంగతి ఇప్పుడే చెప్పుకోవడం అవసరం. హెల్మెట్టు, వేగ పరిమితి వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

టైరును అచ్చులో పెట్టి వేడితోనూ ఒత్తిడితోనూ గట్టిపరుస్తారు. అచ్చు నుంచి తేలికగా ఊడి రావడానికి వాడే పూత జాడలు కొన్ని టైర్ల మీద మిగిలిపోతాయి. అలాంటి పూత వాడకపోయినా అచ్చు గోడల నునుపు టైరు పైపొరకు వస్తుంది. దీనికి తోడు, ఎండకూ గాలికీ రబ్బరు పగలకుండా కలిపే మైనం వంటి పదార్థాలు మెల్లగా పైకి తేలి ఉంటాయి. ఈ పైపొర రోడ్డు మీద రాపిడికి గురై గరుకెక్కిన తరువాతే టైరుకు అసలు పట్టు వస్తుంది. అందుకే టైర్ల కంపెనీలు సాధారణంగా తొలి 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్లు, నెమ్మదిగా నడపమని చెబుతాయి.

మనుషులను పడగొడుతున్న పొరపాటు ఈ 160 అంకె దగ్గరే జరుగుతోంది. విజయవాడ నుంచి గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్లు. రోజూ ఉద్యోగానికి వెళ్లి వచ్చేవారికి మూడో రోజుకల్లా మీటరు 160 దాటేస్తుంది. ఇక టైర్లు సిద్ధమైనట్టేనని వారు అనుకుంటారు. అయితే వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్ మీదుగా గుంటూరు చేరే ఆ జాతీయ రహదారి మీద బండి దాదాపు నిటారుగానే నడుస్తుంది. నిటారుగా నడిచే బండికి రోడ్డును తాకేది టైరు మధ్యలోని సన్నటి పట్టీ మాత్రమే. ఆ మూడు రోజుల్లో అరిగి గరుకెక్కింది ఆ పట్టీ ఒక్కటే. పక్క అంచులు షాపులో బిగించిన రోజు ఎంత నున్నగా ఉన్నాయో ఇంకా అంత నున్నగానే ఉంటాయి. ఆదివారం కొండవీడుకో కోటప్పకొండకో వెళ్లి, మలుపులో బండిని వాల్చినప్పుడు బరువంతా తొలిసారి ఆ అంచుల మీద పడుతుంది. నిటారుగా నడిచిన కిలోమీటర్లు అంచులకు లెక్క కావు. మీటరు చూసి ధైర్యం తెచ్చుకోవడమే నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటికి మూలం.

ఈ విషయాన్ని ఎవరి మాట మీదా నమ్మనక్కర లేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక టైరును చేత్తో తిప్పుతూ పక్క నుంచి పరిశీలించండి. మధ్య భాగం వెలిసిన బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. వేలితో రాస్తే గరగరలాడుతుంది. అక్కడి నుంచి పక్కకు వేలు జరిపితే ఒకచోట ఆ గరుకు ఆగిపోయి, నిగనిగలాడే నల్లటి రబ్బరు మొదలవుతుంది. ఆ గీత దాటిన తరువాత అచ్చు రంధ్రాల్లో నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా నిలబడే ఉంటాయి. వెంట్రుక చెక్కుచెదరకుండా ఉన్నచోట టైరు రోడ్డును తాకలేదని అర్థం. మీ టైరు వయసు చెప్పేది మీటరు కాదు, ఆ గీత.

అంచులను అలవాటు చేయడానికి పద్ధతి ఒక్కటే. పగటి పూట, పొడిగా, శుభ్రంగా ఉన్న రోడ్డు మీద, మీకు బాగా తెలిసిన వెడల్పాటి మలుపుల్లో, ప్రతిసారీ గతసారి కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ వాల్చుతూ నడపాలి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకుని, లోపల యాక్సిలరేటరును ఒకే తీరున పట్టుకోవాలి. కృష్ణ ఒడ్డున వంపు తిరిగే కనకదుర్గ ఫ్లైఓవర్ వంటి చోట్ల కూడా తొలి రోజుల్లో ఎడమ వరుసలోనే, వెనక వాహనాల హారన్లను పట్టించుకోకుండా వెళ్లాలి. నున్నటి అంచులను టైరు చివరిదాకా అరగదీయాలన్న పంతం కుర్రవాళ్లలో కనిపిస్తుంది. దాని కోసమే కొండ ఎక్కేవారు ఉన్నారు. ఆ అవసరం ఎవరికీ లేదు. ఊళ్లో తిరిగే బండికి టైరు ఆయుష్షు తీరేదాకా చివరి అంచు రోడ్డును తాకకపోవచ్చు. అందులో తప్పేమీ లేదు. మీరు ఇంతవరకు వాడని భాగం ఇంకా కొత్తదేనని గుర్తుంటే చాలు.

ఇంకొక సంగతి చాలామందికి చివరిదాకా అర్థం కాదు. హైవే మీద ఏళ్ల తరబడి తిరిగిన పాత టైరు మధ్యలో చదునుగా అరిగిపోయి ఉంటుంది, బండిని వాల్చడానికి కొంచెం బలం పెట్టాల్సి వస్తుంది, చేతులు ఆ బలానికి అలవాటు పడతాయి. కొత్త టైరు గుండ్రంగా ఉంటుంది కనుక అదే బలంతో తిప్పితే బండి అనుకున్న దానికంటే త్వరగా, ఎక్కువగా వాలిపోతుంది. అంటే అంచుకు పట్టు లేని రోజుల్లోనే బండి మనల్ని అంచు మీదికి తోస్తుంది.

షాపులోనే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టైరు పక్కన ఉండే బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2425 అని ఉంటే 2025లో 24వ వారం తయారైనదని అర్థం. రిమ్ము అంచు వెంట టైరు మీద కనిపించే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎక్కడైనా లోపలికి దిగి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు. వెనక చక్రం విప్పి బిగించినప్పుడు చైను బిగువు, యాక్సిల్ నట్టు మీ కళ్లముందే సరిచూడమనండి. డిస్కు బ్రేకు ఉన్న బండికి చక్రం తీసి పెట్టాక తొలిసారి లీవరు నొక్కితే అది ఖాళీగా లోపలికి వెళ్లిపోవచ్చు. షాపు ముందు రోడ్డెక్కకముందే నాలుగైదు సార్లు నొక్కి, గట్టిపడిన తరువాతే కదలండి.

టైరు తళతళలాడాలని పాలిష్ పూయించకండి. పక్క గోడకు పూసినా చక్రం తిరిగేటప్పుడు అది ట్రెడ్ మీదికి, అంటే రోడ్డును తాకే భాగం మీదికి, పాకుతుంది. నునుపు పోగొట్టాలని పెట్రోలుతో, కిరసనాయిలుతో తుడవకండి, అవి రబ్బరును పాడుచేస్తాయి. గరుకు కాగితంతో రుద్ది ఇస్తామనే మెకానిక్ మాట విని నెమ్మది మానేయకండి. పట్టు పెరుగుతుందని గాలి తగ్గించకండి. చైను కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో కంపెనీ రాసిన లెక్క ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించండి. తిన్నటి రోడ్డు మీద బండిని అటూ ఇటూ ఊపుతూ నడిపితే అంచులు అరుగుతాయనుకోవద్దు. ఊపులో బండి జారితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది కానీ, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఆ ఏర్పాటు మలుపులో పక్కకు జారే టైరును ఆపలేదు. తొలి వారం వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. ఇసుక లారీల నుంచి నీళ్లు కారే దారుల్లో వెళ్లకండి. రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోసిన చోట బండిని వాల్చకండి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల ఇనుప పట్టీలు నిటారుగా దాటండి. తొలి వాన పడిన గంటలో, రోడ్డు మీది నూనె పైకి తేలినప్పుడు, కొత్త టైర్లతో బయటికి రాకండి. మలుపు మధ్యలో భయం వేస్తే ముందు బ్రేకును గట్టిగా పట్టకండి. కొత్త టైర్ల మీద ఘాట్ రోడ్డుకు వెళ్లకండి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగినా సరే, అవన్నీ తిన్నటి రోడ్డు మీదివే అయితే వెళ్లకండి. ముందు టైరు ఇప్పుడు, వెనక టైరు రెండు నెలల తరువాత మార్చేవారు రెండోదానికి ఈ లెక్కంతా మళ్లీ మొదటి నుంచి పాటించండి.