రోమన్ కంచు ముక్కల్ని గుర్తుపట్టడం – 3వ పాఠం: మంచం తలాపున గాడిద

పోయిన పాఠంలో అభ్యాసంగా ఇచ్చిన సింహం తలతో మొదలుపెడదాం; అది దేనికి బిగించింది అన్నది ప్రశ్న. నోట్లో కడియం, వెనక గుల్ల, గుల్లలో సీసం, మధ్యలో తుప్పుపట్టిన ఇనప మేకు. జవాబు: చెక్క పెట్టెకు కొట్టింది. అదే గిన్నెకు అతికించిందైతే వీపు ఆ గిన్నె ఒంపుకు తగ్గట్టు లోపలికి వంగి ఉండేది, మేకు బదులు టంకం ఆనవాలు కనబడేది. ముఖం చూసి మురిసిపోకండి, ముందు వీపు చూడండి అని నేను పోరేది ఇందుకే. చెక్క ఏనాడో చివికిపోయింది.

ఈసారి పొడుగు చెవుల తల. చెవులు వెనక్కి వాలాయి, పెదాలు తెరుచుకున్నాయి, మెడకు ద్రాక్ష తీగ. గాడిదా, కంచరగాడిదా అన్న వాదులాట మనకొద్దు. మెడ మెలిక చూడండి. తల తిన్నగా కాక పక్కకు తిరిగి ఉందంటే అటువైపు నుంచి చూసేవాళ్ళ కోసం చేసిందన్నమాట. మెడ కింద గుల్లగా ఉంటే అది దేనికో తొడిగింది.

దేనికి? రోమన్ ధనికులు ఎడమ మోచేతి మీద ఆనుకుని, మంచం మీద ఒరిగి విందు ఆరగించేవారు. ఆ మంచం తలాపున వంపు తిరిగిన చట్టం ఉండేది, పేరు ఫుల్‌క్రమ్. పై కొసన ఈ తల, కింది కొసన గుండ్రటి బిళ్ళలో తరచు మద్యదేవుడు బాకస్ పరివారంలోని ఒక ముఖం. ఇలాంటి చట్టాల్నే ఒకప్పుడు తప్పుగా బిగించి, ఇద్దరు కూర్చునే ఆసనాలుగా మ్యూజియంలో నిలబెట్టారు కూడా!

విందు మంచానికి గాడిదేమిటంటారా? ద్రాక్షకొమ్మను గాడిద కొరికేస్తే మరుసటి కాపు విరగకాసిందనీ, కొమ్మలు కత్తిరించడం మనుషులు అలా నేర్చారనీ గ్రీకుల కథ. గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్ రాసిపెట్టాడు. పాతకాలపు నిరాడంబరతను మెచ్చుకుంటూ రోమన్ కవి జువెనాల్ చెప్పిన చిన్న మంచానికి ఉన్న అలంకారం కూడా దండ వేసిన గాడిద తలే. రోమన్ రచయిత ప్లినీ అయితే గ్రీకుల డెలోస్ ద్వీపపు కంచుకు మొదట పేరు తెచ్చింది మంచం కోళ్ళూ ఈ తలాపు చట్టాలేనంటాడు.

అభ్యాసం: ముక్కూ ముక్కూ ఆనించిన రెండు డాల్ఫిన్లు, తోకలు పైకి తిరిగి కొక్కేల్లా ముగిశాయి. వీపున మేకు లేదు, టంకం లేదు. కొక్కేల లోపలి అంచు మాత్రం నున్నగా అరిగింది. ఇది ఏ వస్తువుది, దాని మీద ఎక్కడ ఉండేది? బొమ్మ గీసి, అరిగిన చోట బాణం గుర్తు పెట్టండి.