పాత కెర్మిట్ బొమ్మ ఆన్‌లైన్లో కొనాలంటే ముందు ట్యాగ్ చూడండి

మప్పెట్స్ అంటే అమెరికన్ టీవీలో జిమ్ హెన్సన్ చేతికి తొడుక్కుని ఆడించిన బొమ్మ పాత్రలు, కెర్మిట్ అనే ఆకుపచ్చ కప్ప వాటిలో ఒకటి. ఆ బొమ్మలు కావాలనుకున్నవాళ్ళు చాలామంది సెర్చ్ బాక్సులో మప్పెట్ అని కొట్టి వచ్చినవే చూసి వదిలేస్తారు, అలా చేస్తే మంచి మంచివి కళ్ళబడకుండానే పోతాయి. జిమ్ హెన్సన్ టీమ్ చేసిన పాత్రలన్నీ ఇప్పుడు ఒక్కళ్ళ చేతిలో లేవు కదా. కెర్మిట్, మిస్ పిగ్గీ, ఫాజీ, గాంజో 2004 నుంచి డిస్నీ వాళ్ళవి, ఎల్మో, బిగ్ బర్డ్, బర్ట్, ఎర్నీ సెసమీ స్ట్రీట్ షో తీసే సెసమీ వర్క్‌షాప్ వాళ్ళవి, ఫ్రాగిల్ రాక్ షోలోని ఫ్రాగిల్స్ మాత్రం జిమ్ హెన్సన్ కంపెనీవి. అన్నీ మప్పెట్ పేరు కింద దొరకవు, అందుకని పాత్ర పేరు, పక్కనే తయారుచేసిన కంపెనీ పేరు, రెండూ కలిపి కొట్టండి. ఉదాహరణకి కెర్మిట్ ఫిషర్ ప్రైస్ అని కొడితే 1970ల చివర్లో వచ్చిన గుడ్డ బొమ్మలు బయటికొస్తాయి, వాటి చేతులకీ కాళ్ళకీ వెల్క్రో ఉంటుంది, అది ఇంకా అతుక్కుంటోందో లేదో అమ్మేవాళ్ళని అడగండి.

కొత్తవైతే అమెజాన్‌లో ఈజీనే, కాకపోతే బ్రాండ్ పేరుతో పాటు అమ్మేది ఎవరో కూడా చదవండి, ఒకే పేజీలో వేరే వేరే సెల్లర్లు ఉంటారు. పాతవాటికి నేనైతే ఈబే అంటాను. అక్కడ సోల్డ్ ఐటమ్స్ అని ఒక ఫిల్టర్ ఉంది, అది పెడితే నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో తెలుస్తుంది. అమ్మేవాళ్ళు అడిగే రేటు చూసి కంగారుపడొద్దు, అడిగేది వేరు అమ్ముడుపోయేది వేరు.

ఇక అసలు పాయింట్ ట్యాగ్. ట్యాగ్ ఫోటో లేని లిస్టింగ్‌కి డబ్బు కట్టొద్దు, దగ్గరగా తీసి పంపమని అడగండి. హెన్సన్ అసోసియేట్స్ (హెన్సన్ కంపెనీ పాత పేరు) అని ఉంటే పాత కాలంది, డిస్నీ పేరుతో కెర్మిట్ ఉంటే 2004 తర్వాతది అయ్యుండే ఛాన్స్ ఎక్కువ. ఇంకోటి, ట్యాగ్ మీద కాపీరైట్ సంవత్సరం చూసి బొమ్మ కూడా అప్పుడే తయారైందని అనుకోవద్దు, ఆ సంవత్సరం పాత్రదో డిజైన్‌దో కావచ్చు, బొమ్మ చాలా ఏళ్ళ తర్వాత కుట్టిందైనా అదే ప్రింట్ ఉండొచ్చు. మొదట్లో ఇది తెలీక నేను ఒక బొమ్మకి ఎక్కువే పెట్టేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బట్ట వెలిసిపోయిందని వెనకాడకండి. మొట్టమొదటి కెర్మిట్‌ని 1955లో హెన్సన్ వాళ్ళమ్మ పాత కోటు ముక్కతో కుట్టి, పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి కళ్ళు పెట్టాడు, అది తల్చుకుంటే వెలిసిన ఆకుపచ్చే నాకు ఇంకా ముద్దొస్తుంది. భయపడాల్సింది లోపలి ఫోమ్ గురించి. పాతబడ్డ ఫోమ్ నొక్కితే పొడిపొడిగా రాలుతుంది, దాన్ని బాగుచేయడం చాలా కష్టం, అందుకే చేతికి తొడుక్కునే బొమ్మలైతే నోరు తెరిచి లోపల ఫోటో అడగండి.

ఇంటికొచ్చాక వాషింగ్ మెషీన్లో మాత్రం వేయొద్దు, తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఎండ తగలని చోట ఆరబెట్టండి.