ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లంతా కలిసి చూసే ప్రేమ సినిమాలు

ఒకే రోజు రెండు చూడాలనుకుంటే ఏడిపించేది ముందు, తేలికైనది తర్వాత పెట్టుకోండి. వరస తారుమారైతే కళ్లు వాచి, తలనొప్పితో లేస్తారు.

మొదటిది 'సీతారామం' (2022). నిడివి దాదాపు 2 గంటల 40 నిమిషాలు కాబట్టి రెండింటికల్లా మొదలుపెట్టాలి. కథ 1985కీ 1964కీ మధ్య తిరుగుతుంది. మొదట్లోనే ఫోన్ చూస్తూ కూర్చుంటే ఉత్తరం ఎవరిదో, ఎవరికి చేరాలో అందదు. టీ విశ్రాంతి దగ్గరే కానిచ్చేయండి. చివరి అరగంట మాత్రం ఎవరూ వంటింట్లోకి వెళ్లకూడదు, సినిమా అంతా అందుకోసమే.

తర్వాత 'గోదావరి' (2006). రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణం. నిదానంగా నడుస్తుంది, అయినా పాటలు దాటేయకండి.

ఇంట్లో సంబంధాలు చూస్తున్న అమ్మాయి ఉంటే 'ఆనంద్' (2004) మేలు. పెళ్లిరోజునే కథానాయిక రూప ఆ పెళ్లి వద్దనుకున్నాక కాసేపు ఆపి, మాట్లాడుకోనివ్వండి.

అమ్మమ్మలకు 'మిస్సమ్మ' (1955). ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరి కథ. టీవీలో పిక్చర్ సైజు 4:3 పెట్టాలి. తెరనిండా సాగదీస్తే సావిత్రి ముఖం వెడల్పైపోతుంది, ఆ కళ్లకు అది అన్యాయం.