వరికోతలు, పత్తి సీజన్‌కు ముందు: సీఎఫ్ పిల్లల ఊపిరితిత్తులను ప్రోబయోటిక్ కాపాడుతుందా?

బతుకమ్మ పండుగ దాటిందంటే మన దగ్గర గాలి మారిపోతుంది. పొలాల్లోకి వరికోత మిషన్లు దిగుతాయి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర, రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు కడతాయి, సంక్రాంతి దాటాక మిర్చి ఘాటు మొదలవుతుంది. మామూలు మనిషికే సర్ది, దగ్గు వదలని ఈ నెలలు సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) అనే పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి ఉన్న పిల్లలకు చాలా కష్టకాలం. హన్మకొండలో నేను పిల్లలకు ఛాతీ ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఈ సీజన్ ముందు తల్లిదండ్రులు తరచూ అడిగేది ఇదే: "ప్రోబయోటిక్ వాడితే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాదట కదా సార్, మొదలుపెట్టమంటారా?"

ప్రోబయోటిక్ అంటే పొట్టకు మేలు చేస్తాయని నోటి ద్వారా ఇచ్చే బతికున్న సూక్ష్మజీవులు. నా జవాబు ముందే చెప్తాను. మీ డాక్టరు ఒప్పుకుంటే పొట్ట కోసం వాడండి. ఊపిరితిత్తుల విషయంలో మాత్రం దాని మీద భరోసా పెట్టుకోవద్దు. అది వాడుతున్నామని, మందును ఆవిరిలా పీల్చుకునే నెబులైజర్ గానీ, యాంటీబయాటిక్ గానీ, కఫం తీసే ఫిజియోథెరపీ గానీ ఒక్క పూట కూడా మానొద్దు.

ఈ ఆశ ఊరికే పుట్టింది కాదు. సీఎఫ్‌లో సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు సరిగా పనిచేయదు. దానివల్ల ఉప్పు, నీరు కదలాల్సినట్టు కదలక, ఊపిరితిత్తుల్లో కఫం జిగటగా గడ్డకడుతుంది. ఆ కఫంలో చిన్నప్పుడు ఎక్కువగా స్టెఫైలోకాకస్, వయసు పెరిగేకొద్దీ సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కాపురం పెడతాయి. సూడోమోనాస్ తన చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటుంది. ఆ పొర గట్టిపడ్డాక ఏ మందూ దాన్ని పూర్తిగా కదిలించలేదు. ల్యాబ్‌లో, గాజు పళ్లెంలో మాత్రం ప్రోబయోటిక్‌లలో వాడే లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు సూడోమోనాస్ పెరుగుదలను అడ్డుకున్నాయి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు, ఊపిరితిత్తుల రోగనిరోధక శక్తికి సంబంధం ఉందన్నదీ నిజమే.

మనుషుల మీద పరీక్షించినప్పుడు ఏమైందో చూడాలి. ఇటలీలో లాక్టోబాసిల్లస్ జీజీ అనే రకాన్ని సీఎఫ్ పిల్లలకిచ్చి, 2007లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. దగ్గు, కఫం ముదిరిపోవడం తగ్గినట్టు కనిపించింది. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత అక్కడే ఎక్కువ మంది పిల్లలతో, అనేక కేంద్రాల్లో, ఏడాది పాటు ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో ఊపిరితిత్తులకు గానీ, బరువు పెరగడానికి గానీ చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. 2020లో, వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించింది. పేగుల్లో వాపు కొంత తగ్గవచ్చని, ఊపిరితిత్తులకు మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. పైగా ఒక రకం మీద వచ్చిన ఫలితం ఇంకో రకానికి వర్తించదు. మెడికల్ షాపులో దొరికేది ఏ రకమో ప్యాకెట్ మీద చదివితే గానీ తెలియదు.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సిన మాట. కొన్ని ప్రోబయోటిక్‌లు మెడ తిప్పి విరిచే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. నెబులైజర్‌లో పోసే సెలైన్, మందు కూడా దాదాపు అలాంటి గొట్టాల్లోనే వస్తాయి. రెండూ ఒకే డబ్బాలో వేసి, అర్ధరాత్రి బిడ్డకు దమ్ము ఎక్కువైనప్పుడు నిద్రమత్తులో చేతికందింది విరిచారనుకోండి, తాగాల్సింది నెబులైజర్‌లోకి పోతుంది. బతికున్న సూక్ష్మజీవులను నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఎలుకల మీద అలాంటి ప్రయోగాలు జరిగిన మాట నిజమే, కానీ ఇంట్లో చేసేది కాదు. అందుకే ప్రోబయోటిక్‌ను వంటింట్లో పెట్టండి. నెబులైజర్ మందులు వేరే గదిలో, వేరే డబ్బాలో, మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి ఉంచండి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో మందు వేస్తుంటే రెండు గొట్టాలూ వాళ్ల చేతికిచ్చి తేడా చూపించండి.

మందులు రక్తంలోకి ఎక్కించడానికి బిడ్డకు ఛాతీలో పోర్ట్ గానీ, చేతిలో పీఐసీసీ లైన్ అనే సన్నని గొట్టం గానీ పెట్టి ఉంటే డాక్టరు స్పష్టంగా చెప్పేదాకా ఏ ప్రోబయోటిక్ వద్దు. ముఖ్యంగా సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ రకం లైన్ ద్వారా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన కేసులు ఉన్నాయి. పక్క బెడ్ పేషెంట్ కోసం ప్యాకెట్ చింపినా పొడి గాల్లో లేచి, చేతులకు అంటి లైన్ దాకా చేరవచ్చు. అవయవ మార్పిడి జరిగినవాళ్లకు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు కూడా ఇదే మాట.

ఇవేవీ లేని పిల్లలకు, యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు అవుతున్నాయని డాక్టరు ప్రోబయోటిక్ రాస్తే నిశ్చింతగా ఇవ్వండి. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కు, దానికి మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి, లేకపోతే ఆ మందు దీన్నే చంపేస్తుంది. వేడి పాలల్లో, వేడి నీళ్లలో కలపొద్దు. ఇంటి పెరుగు, సల్ల మంచివే, పిల్లలు ఇష్టంగా తాగితే తాగనివ్వండి. అయితే తిండి అరగడానికి సీఎఫ్ పిల్లలకు ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూల్ పెరుగన్నానికి కూడా కావాలి. పెరుగే కదా, తేలిగ్గా అరుగుతుందిలే అని చాలా ఇళ్లలో ఎంజైమ్ ఇవ్వడం మర్చిపోతారు. సకినాలు, గారెలు తినే రోజుల్లోనైతే డోసు ఎంతో ముందే అడిగి పెట్టుకోండి.

ఊపిరితిత్తులను నిజంగా కాపాడే పనుల్లో నెబులైజర్ శుభ్రతకు నేను పెద్ద పీట వేస్తాను. సూడోమోనాస్‌కు తడి అంటే ప్రాణం. సింకులో, మూలనున్న బకెట్‌లో, సరిగా ఆరని నెబులైజర్ కప్పులో పెరుగుతుంది. వాడిన ప్రతిసారీ కప్పు, మాస్కు విడదీసి సబ్బునీళ్లతో కడగండి. మరిగించవచ్చని కంపెనీ కాగితంలో ఉంటే రోజుకోసారి 5 నిమిషాలు నీళ్లలో మరగనివ్వండి. మరిగించాక మళ్లీ నల్లా నీళ్లతో కడగొద్దు, చేసిన పనంతా దండగవుతుంది. శుభ్రమైన బట్ట మీద గాలికి ఆరబెట్టండి. ట్యూబును, లోపల తడి ఉన్న కప్పును కవర్లో చుట్టి పెట్టొద్దు.

పొలం విషయం. వడ్లు, గడ్డివాము, బూజు పట్టిన పత్తి కట్టెల్లో ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ ఉంటుంది. కొందరు సీఎఫ్ పిల్లల్లో ఇది అలర్జీగా మారి దమ్ము పెంచుతుంది. కోత, నూర్పిడి జరిగే రోజుల్లో బిడ్డను కల్లానికి తీసుకెళ్లొద్దు. ఆస్పర్జిల్లస్‌కు యాంటీఫంగల్ మాత్రలు వాడుతున్న బిడ్డకు ఈస్ట్ రకం ప్రోబయోటిక్ ఇవ్వడంలో అర్థం లేదు, ఆ మాత్ర ఈస్ట్‌నూ చంపుతుంది. తడి ఆరని వరిమడి బురదలో ఒట్టి కాళ్లతో దిగనివ్వొద్దు. అందులో మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, సీఎఫ్ ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం.

ఫ్లూ టీకా చలి ముదరకముందే వేయించండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. సీజన్ మొదలవకముందే ఒకసారి కఫంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్ష చేయించండి. సూడోమోనాస్ మొదటిసారి కనబడినప్పుడే పట్టుకుంటే, పీల్చే టోబ్రామైసిన్ లాంటి మందును సాధారణంగా 28 రోజులు ఇచ్చి దాన్ని వదిలించే అవకాశం ఎక్కువ. "ముందు నెల రోజులు ప్రోబయోటిక్ ఇచ్చి చూద్దాం" అని ఆగితే నష్టపోయేది ఆ అవకాశమే. నాకు భయం కలిగించేది కూడా ఆ ఆలస్యమే.

దగ్గు పెరిగినా, కఫం రంగు మారినా, చిక్కబడినా, ఆకలి తగ్గి బరువు పడిపోతున్నా రెండు రోజుల్లో డాక్టరుకు చెప్పండి. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే మూడు రోజుల యాంటీబయాటిక్, ఒక ప్రోబయోటిక్ ప్యాకెట్‌తో సరిపెట్టుకోవద్దు, సీఎఫ్‌లో మందు ఎంపిక, డోసు, రోజులు అన్నీ వేరు. కఫంలో రక్తం పడితే అదే రోజు, పెదవులు నీలంగా మారితే వెంటనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. పాత కల్చర్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ ఒక సంచిలో సిద్ధంగా ఉంచితే, ఆ టెన్షన్‌లో వెతుక్కునే పని ఉండదు. ఆ చీటీలో ప్రోబయోటిక్ పేరు కూడా రాయండి. అది మందు కాదులే అని డాక్టరుకు చెప్పకుండా వదిలేస్తుంటారు.

ఆసుపత్రిలో ఇంకో సీఎఫ్ బిడ్డ కనిపిస్తే ఇద్దరి మధ్య 2 మీటర్ల దూరం ఉండాలి. ఒకరి బ్యాక్టీరియా ఇంకొకరికి అంటుకుంటుంది కాబట్టి తల్లులు మాట్లాడుకోండి, పిల్లలను మాత్రం పక్కపక్కన కూర్చోబెట్టొద్దు.

మేడారం జాతర ఉన్న ఏడాది మొక్కు గురించి అడుగుతారు. ఆ దుమ్ములో, ఆ జనంలో బిడ్డను తిప్పడం, జంపన్న వాగులో స్నానం చేయించడం వద్దనే చెప్తాను. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు బెల్లం తూకం ఊళ్లోనే వేయించి, ఇంట్లో పెద్దవాళ్లతో సమ్మక్క, సారలమ్మ తల్లుల గద్దెలకు పంపించవచ్చు.