గాలివానల ముందు డబుల్ గ్లేజ్డ్ కిటికీ హ్యాండిళ్లు: కొనేముందు, మార్చేటప్పుడు జాగ్రత్తలు

డబుల్ గ్లేజ్డ్, అంటే రెండు అద్దాల కిటికీ హ్యాండిల్ నెలల తరబడి బిగుసుగా తిరుగుతున్నా ఎవరూ పట్టించుకోరు. గాలివాన మొదలయ్యాక రెక్క మూద్దామని గట్టిగా ఒత్తితే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. చేతిలో ముక్క మిగులుతుంది, ఎదురుగా రెక్క కొట్టుకుంటూ ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 45 నుంచి 50 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. ఇంటికి గాలి చాటున ఉన్న వైపు అదే గాలి రెక్కను బయటికి లాగుతుంది. బయటికి తెరుచుకునే రెక్కను అప్పుడు పట్టి ఉంచేవి కీలూ, హ్యాండిల్ తిప్పితే నడిచే గడియలే. అందుకని ఈ పని వానలు రాకముందే, పొడిగా ఉన్న రోజున, పగటి వెలుతురులో పెట్టుకోండి.

కొత్తది కొనేముందు రోగం ఎక్కడుందో చూడండి

విరిగింది హ్యాండిలే అయినా చాలాసార్లు తప్పు దానిది కాదు. హ్యాండిల్ తిప్పితే రాడ్‌ను జరిపి గడియలు నడిపే లోపలి గేర్‌బాక్స్ ఎండిపోయో, రెక్క కిందికి జారి గడియలు అడ్డం తగిలో ఉంటుంది. మనం బలం పెడతాం, ఆ బలమంతా చిన్న జింక్ అల్లాయ్ మెడ మీద పడుతుంది. కారణం వదిలేసి హ్యాండిల్ ఒక్కటే మారిస్తే రెండోదీ అదే చోట విరుగుతుంది.

మామూలు పక్కకు తెరిచే కిటికీ అయితే రెక్క తెరిచి పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. తెరిచినప్పుడు రెండు వేళ్లతో హాయిగా తిరిగి, మూశాక మాత్రమే బిగుసుకుంటోందా? అయితే రెక్క జారింది. అంచున ఉన్న రోలర్లు ఫ్రేమ్‌లోని పట్టీల్లోకి సూటిగా వెళ్లడం లేదు. పట్టీ మీద గీసుకుపోయిన మెరుపు మచ్చ కనిపిస్తే రోలర్ ఎక్కడ తగులుతోందో అదే చెబుతుంది. తెరిచినా బిగుసుగానే ఉంటే గేర్‌బాక్స్‌లోనో రాడ్‌లోనో దుమ్ము, తుప్పు చేరింది. హ్యాండిల్ తిరుగుతున్నా అంచున రాడ్ కదలకపోతే స్పిండిల్ (హ్యాండిల్ వెనక ఉండే చతురస్రపు కడ్డీ) మూలలు అరిగిపోయి ఉండాలి, లేదా గేర్‌బాక్స్ లోపలి పళ్లు విరిగి ఉండాలి. స్పిండిల్‌ను బయటికి తీసి చూస్తే తెలిసిపోతుంది: మూలలు పదునుగా ఉంటే దోషం గేర్‌బాక్స్‌ది.

రెక్క మూసి ఒత్తిడి సరిగా ఉందో లేదో చూడటానికి కాగితం ముక్క చాలు. వేలెడు వెడల్పున్న కాగితాన్ని రబ్బరు బీడింగ్ మీద పెట్టి రెక్క మూసి, గడియ వేసి లాగండి. పట్టుకుని బిర్రుగా వస్తే బాగున్నట్టు. సర్రున జారి వచ్చేస్తే అక్కడ గాలి, నీళ్లు దూరతాయి. హ్యాండిల్ పక్కన ఒకసారి, పైమూలలో ఒకసారి, కిందిమూలలో ఒకసారి ఇలా చూడండి. చాలా కిటికీల్లో రోలర్లు కాస్త పక్కకు ఉండే ఇరుసు మీద ఉంటాయి. అలెన్ కీతో కొద్దిగా తిప్పితే రెక్క ఫ్రేమ్‌కు దగ్గరవుతుంది. ఒక్కసారిగా చివరిదాకా తిప్పేయొద్దు. అవసరానికి మించి బిగిస్తే బీడింగ్ నలిగిపోతుంది, హ్యాండిల్ మళ్లీ బరువెక్కుతుంది.

రెండు అద్దాల మధ్య ఆవిరి పడుతోందంటే మాత్రం అది హ్యాండిల్ సంగతి కాదు. అద్దాల అంచు సీలు పోయింది, ఆ అద్దం యూనిట్‌నే మార్చాలి.

ఏ రకం, ఏ కొలత

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకు ఎక్కువగా కనిపించేది వెనక చతురస్రపు కడ్డీ, అంటే స్పిండిల్ ఉన్న హ్యాండిల్. ఆ కడ్డీ అంచులోని గేర్‌బాక్స్‌లోకి దూరి పైకీ కిందికీ రాడ్‌ను నడుపుతుంది. పట్టుకునే భాగం తిన్నగా ఉంటే ఎడమా కుడీ తేడా ఉండదు. పక్కకు వంగి ఉంటే ఉంటుంది. ఏది ఎడమ, ఏది కుడి అన్న దాంట్లో అమ్మేవాళ్లందరి లెక్కా ఒకటి కాదు. పాతదాన్ని కిటికీకి ఉండగానే లోపలి నుంచి ఫోటో తీసి చూపించండి.

పాత తరహా కిటికీల్లో ఇంకొకటి ఉంటుంది. దీనికి గేర్‌బాక్స్ ఉండదు. హ్యాండిల్ పక్కనుంచి కోడిముక్కులా పొడుచుకొచ్చిన భాగం ఫ్రేమ్ మీద ఉన్న ఏటవాలు ముక్క మీదికెక్కి రెక్కను లాగి పట్టుకుంటుంది. పేరు కాక్‌స్పర్. దీనికి ఒకే ఒక్క కొలత ముఖ్యం: బల్ల మీద పెట్టినప్పుడు అడుగు నుంచి ముక్కు కింది వైపు దాకా ఎంత ఎత్తుందో. 9 మి.మీ., 21 మి.మీ. ఎక్కువగా దొరుకుతాయి. ఎత్తు ఎక్కువైతే రెక్క వదులుగా నిలిచి గాలికి టకటకలాడుతుంది. తక్కువైతే ముక్కు అసలు ఎక్కదు. దీనికి కూడా ఎడమ, కుడి ఉంటాయి.

స్పిండిల్ హ్యాండిల్‌కి మూడు కొలతలు తీసుకోవాలి. కడ్డీ మందం: ఎక్కువగా 7 మి.మీ. ఉంటుంది, వెర్నియర్‌తో చూడండి, కంటి అంచనా వద్దు. రెండు స్క్రూల మధ్య దూరం: ఒక స్క్రూ నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకు, సాధారణంగా 43 మి.మీ. మూడోది కడ్డీ పొడవు. పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. పొడవును హ్యాండిల్ అడుగు నుంచి కడ్డీ కొస దాకా కొలవాలి, పైన ఉన్న లీవర్‌తో కలిపి కాదు. 15 నుంచి 55 మి.మీ. దాకా దొరుకుతాయి. కడ్డీ పొట్టిదైతే గేర్‌బాక్స్‌లోకి కొస మాత్రమే అందుతుంది, ఆ కొద్ది లోహం మీదే బరువంతా పడి కొన్నాళ్లకే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. పొడవైతే హ్యాండిల్ అడుగు ఫ్రేమ్‌కు ఆనదు. ఆనకపోయినా స్క్రూలు బిగించేశారంటే అడుగు పగులుతుంది, లేదా గేర్‌బాక్స్ పక్కకు ఒత్తుకుపోతుంది.

సరైన పొడవు దొరకకపోతే కొంచెం పొడుగుది తీసుకుని కోసుకోవచ్చు. స్క్రూలు లేకుండా హ్యాండిల్‌ను చివరిదాకా దూర్చి, అడుగుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు కొలవండి. సందు 6 మి.మీ. ఉంటే 7 మి.మీ. కోయాలి, ఆ ఒక్క మి.మీ. ఆడుకోవడానికి. వైస్‌లో కడ్డీనే బిగించండి, హ్యాండిల్ ఒంటిని కాదు. ఒంటిని బిగిస్తే కోసేటప్పుడు వచ్చే అదురు లోపలి స్ప్రింగుకు తగులుతుంది. హ్యాక్‌సాతో కోశాక మొనల మీది పొరుకులు ఆకురాయితో తీసేయండి. ఇదంతా కిటికీకి దూరంగా. ఇనుప రజను గేర్‌బాక్స్‌లో పడితే కొత్త హ్యాండిల్ వేసిన సుఖం ఉండదు.

సముద్రపు గాలి తగిలే చోట పూత వేసిన జింక్ అల్లాయ్ త్వరగా చెడుతుంది. ముందు పూత కింద బుడగలు, తర్వాత తెల్లటి పొడి. అక్కడ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. 304 ఉప్పుగాలిని అంతగా తట్టుకోదు.

ఎత్తులో పని, అద్దం బరువు

అద్దం మందం ఒక మి.మీ.కి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. 4 మి.మీ. అద్దాలు రెండంటే చదరపు మీటరుకు 20 కిలోలు. దానికి చట్రం బరువు అదనం. కీలు వదులుగా ఉన్న అలాంటి రెక్క మీద ఒక చేత్తో ఆనుకుని పనిచేయకూడదు. పై అంతస్తులో అయితే ఇద్దరు ఉండాలి, ఒకరు రెక్క పట్టుకోవాలి. మీ బొడ్డు కిటికీ గుమ్మం దాటి బయటికి వెళ్లే భంగిమ వచ్చిందంటే అక్కడితో ఆపేయండి. హ్యాండిల్ పనంతా గది లోపలి నుంచే అవుతుంది. కింద మనుషులు తిరిగే దారి ఉంటే ఆపించండి, జారిన స్క్రూడ్రైవర్ కూడా పైనుంచి పడితే ప్రమాదమే.

టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం నడిమధ్య ఎంత గట్టిదో అంచున అంత సున్నితం. మూతలు పెకిలించేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనను అద్దం వైపు పెట్టి నెట్టకండి. చట్రం మీద రంగులవాళ్లు వాడే కాగితపు టేపు అంటిస్తే గీతలూ పడవు.

విప్పడం, బిగించడం

కావలసినవి: రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, సన్నటి చదును స్క్రూడ్రైవర్, తేలికపాటి మెషిన్ ఆయిల్, పాత గుడ్డ, స్క్రూలు వేసుకోవడానికి గిన్నె. డ్రిల్ మెషిన్‌తో బిగించొద్దు. గేర్‌బాక్స్‌లో స్క్రూ పట్టే దారాలు (మరలు) మెత్తటి లోహంవి, మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ తిరిగినా ఊడిపోతాయి. ఆ తర్వాత గేర్‌బాక్సే మార్చాలి.

రెక్క తెరిచి, హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పండి. నిలువుగా ఉన్నప్పుడు లీవర్ కింద దాక్కున్న స్క్రూ మూత అప్పుడు కనబడుతుంది. రెండు మూతలూ తీసి, పైది సగం, కిందిది సగం చొప్పున వదులు చేయండి. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి అరగంట ఆగండి. తల అరిగి స్క్రూడ్రైవర్ జారిపోతుంటే మధ్యలో వెడల్పు రబ్బరు బ్యాండు పెట్టి, లోపలికి గట్టిగా నొక్కుతూ నెమ్మదిగా తిప్పండి.

హ్యాండిల్ వచ్చాక గేర్‌బాక్స్ రంధ్రాన్ని టార్చితో చూడండి. చతురస్రం మూలలు నలిగి ఉంటే కొత్త హ్యాండిల్ కూడా వదులుగానే ఆడుతుంది. బాగుంటే రంధ్రంలోకి, రాడ్ వెంట ఒకటి రెండు చుక్కల నూనె వేసి, పాత స్పిండిల్‌తో నాలుగైదు సార్లు తిప్పి మిగిలింది తుడిచేయండి. రెక్కను పట్టి నిలిపే ఫ్రిక్షన్ స్టే జారుడు ముక్కకు మాత్రం నూనె వద్దు. దాని పని రాపిడే. అక్కడ నూనె తగిలితే రెక్క నిలవక గాలికి కొట్టుకుంటుంది. పట్టాలోని మట్టి పొడి బ్రష్‌తో తీస్తే చాలు. రబ్బరు బీడింగుకు కూడా పెట్రోలియం గ్రీజు పూయకండి, బీడింగు చేసే ఈపీడీఎం అనే రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ స్ప్రే గుడ్డకు పట్టించి రుద్దండి.

కొత్తదాన్ని దూర్చేముందు అది తెరిచిన స్థితిలో ఉందా, గేర్‌బాక్స్ కూడా తెరిచిన స్థితిలో ఉందా అని చూడండి. ఒకటి మూసి, ఒకటి తెరిచి ఉంటే హ్యాండిల్ తలకిందులుగా పనిచేస్తుంది. స్క్రూలు సాధారణంగా ఎం5 (5 మి.మీ. మందం) మెషిన్ స్క్రూలు. వాటి బదులు చెక్క స్క్రూలు ఎక్కిస్తే దారాలు నాశనం. కొత్త హ్యాండిల్ అడుగు పాతదానికంటే మందంగా ఉంటే పాత స్క్రూలు పొట్టివవుతాయి. కనీసం 5 మి.మీ. దారంలోకి దిగాలి. మొదటి రెండు చుట్లూ వేళ్లతోనే తిప్పండి. అడ్డం పట్టిందనిపిస్తే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. హ్యాండిల్ కదలకుండా ఆనిందంటే ఆపండి.

ఇప్పుడు వెంటనే రెక్క మూయకండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. రెక్క తెరిచి ఉండగానే పదిసార్లు తిప్పి, రోలర్లు పూర్తిగా వెళ్లి పూర్తిగా వెనక్కి వస్తున్నాయో చూడండి. తెరిచిన స్థితికి తెచ్చాకే నెమ్మదిగా మూసి గడియ వేయండి. గేర్‌బాక్స్ లోపల ఏదైనా తేడా ఉంటే తెరిచిన రెక్క మీద సరిచేయడం సులువు. మూసుకుపోయి తెరవడం రాని రెక్క మీద అదే పని పెద్ద గొడవ.

టిల్ట్ అండ్ టర్న్ కిటికీ

ఇది లోపలికి పక్కగా తెరుచుకుంటుంది, పైనుంచి వాలుతుంది కూడా. ఎక్కువ కిటికీల్లో హ్యాండిల్ కిందికి ఉంటే మూసినట్టు, అడ్డంగా ఉంటే పక్కకు, పైకి ఉంటే వాలుగా. రెక్క తెరిచి ఉండగా హ్యాండిల్ తిరగకుండా అంచున చిన్న రక్షణ మీట ఉంటుంది. పైన చెప్పిన పరీక్ష పేరుతో దాన్ని ఒత్తేసి తిప్పొద్దు. తిప్పారంటే రెక్కను పైన పట్టి ఉంచే లోహపు చేయి విడిపోయి రెక్క కిందిమూల కీలు మీద ఒక్కదానిమీదే వేలాడుతుంది.

అలా జరిగితే కంగారుపడి హ్యాండిల్ లాగకండి. ఒకరు రెక్కను రెండు చేతులా పట్టుకుని, కీలు ఉన్న వైపు పైమూలను ఫ్రేమ్‌కు ఆనించి నొక్కి ఉంచాలి. రెండోవాళ్లు రక్షణ మీట ఒత్తి పట్టుకుని హ్యాండిల్‌ను అడ్డంగా ఉండే స్థితికి తేవాలి. అప్పుడు రెక్క మూసి, హ్యాండిల్ కిందికి దించాలి. హ్యాండిల్ మార్చేటప్పుడు పాతది ఏ కోణంలో ఉండగా తీశారో కొత్తదీ అదే కోణంలో పెట్టాలి. 90 డిగ్రీలు తేడా వస్తే పక్కకు తెరవబోయి వాల్చేస్తారు.

మూసి ఉండగానే విరిగితే, తాళం పోతే

గునపంతో పెకిలించి తెరవాలని చూడకండి, చట్రం నొక్కుకుపోతుంది. స్క్రూలు తీసి, విరిగిన హ్యాండిల్ ఊడదీసి, రంధ్రంలో 7 మి.మీ. కడ్డీ పెట్టి పట్టకారుతో తిప్పితే చాలాసార్లు తెరుచుకుంటుంది.

తాళం ఉన్న హ్యాండిల్ కొంటే తాళంచెవిని హ్యాండిల్‌కే వదిలేయొద్దు, పిల్లలు తెరుస్తారు. అలాగని ఇంకో గదిలో దాచొద్దు. అగ్నిప్రమాదంలో బయటపడటానికి పనికొచ్చే కిటికీ అయితే తాళం లేనిదే పెట్టించండి. పిల్లల భయం ఉంటే రెక్క 100 మి.మీ. కంటే ఎక్కువ తెరుచుకోకుండా ఆపే రెస్ట్రిక్టర్ వేయించండి, పెద్దవాళ్లు చప్పున విడిపించగలిగే రకం.

మార్చాక వారం రోజులకు స్క్రూలను ఒకసారి చేత్తో సరిచూడండి, కొత్త హ్యాండిల్ కుదురుకునేటప్పుడు పావు చుట్టు వదులవడం మామూలే. పాత స్పిండిల్, మిగిలిన స్క్రూలు పారేయకుండా ఒక కవరులో వేసి, దాని మీద ఏ గది కిటికీదో, కడ్డీ పొడవెంతో రాసి పనిముట్ల పెట్టెలో పెట్టండి.